కవర్ మీద ముఖం లేదు, పేరూ లేదు... మరి ఆల్బమ్ ఎవరిదని తెలిసేదెట్ల?

డబ్బాగీతలు:
మా దోస్తు ఒకడు హన్మకొండోడు, డప్పు దరువుల మీద ర్యాప్ చేస్తడు. ఆరు పాటల ఆల్బమ్ తయారైంది, కవర్ పని నాకిచ్చిండు, పైసల్లేవు, బిర్యానీ మీద ఒప్పందం. లొల్లి ఏందంటే కవర్ మీద వాని ఫొటో వద్దట, పేరు గూడ వద్దట, నల్ల రంగు మీద నాలుగు తెల్ల గీతలు, ఇగ అంతేనట. ఎందుకురా అంటే జాయ్ డివిజన్ అనే ఇంగ్లండ్ రాక్ బ్యాండోళ్ళ 'అన్‌నోన్ ప్లెజర్స్' చూపెడుతుండు, 1979ది. తెలియనోళ్ళకు చెప్తున్న, పల్సార్ అనే గిర్రున తిరిగే నక్షత్రం నుంచి వచ్చిన రేడియో సిగ్నల్ గ్రాఫ్ అది. ఖగోళశాస్త్రం ఎన్‌సైక్లోపీడియాల ఉన్న బొమ్మ తెచ్చి బ్యాండోళ్ళు ఇస్తే పీటర్ సావిల్ అనే డిజైనర్ రంగులు తిప్పి నలుపు మీద తెలుపు చేసిండు. ముందటివైపు ఒక్క అక్షరం లేదు. మొన్న అమీర్‌పేట మెట్రోల ఒక పిలగాడు అదే టీషర్ట్ ఏస్కున్నడు, ఏ బ్యాండ్ తమ్మీ ఇది అనడిగిన. "బ్యాండ్ ఏందన్నా, కొండల డిజైన్ ఇది" అన్నడు. కవర్ బతికింది, పాట ఏడవాయె? మీరేమంటరు?

గోలగిటార్:
ఆ కుర్రాడు వినకపోతే అది కవర్ తప్పెలా అవుద్ది బ్రో. ఆ నలుపు, ఆ చలి, ఎవరూ లేని ఫీలింగ్... ఆ పాటలు వింటే అచ్చం అలాగే ఉంటాయి, ఇంతకంటే ఏం చెప్పాలి కవర్? మా హెవీ మెటల్ రాక్ వాళ్ళ సంగతి చూడండి, ఎక్స్‌ట్రీమ్ బ్యాండ్ల లోగోలు చెట్టు వేళ్ళు అల్లుకున్నట్టు ఉంటాయి, పేరు రాసే ఉంటుంది కానీ చదవలేం. చదవలేకపోవడమే అక్కడ బోర్డు, చదవగలిగినోడు మనోడు, మిగతావాళ్ళు దయచేయండి అని. ఐరన్ మెయిడెన్ అయితే 1980లో మొదటి ఆల్బమ్ నుంచీ డెరెక్ రిగ్స్ గీసిన ఆ ఎడ్డీ దెయ్యమే వాళ్ళ ముఖం. అసలు పాడేవాడి ముఖం ఎవడిక్కావాలి.

టేపురికార్డర్:
మాది తెనాలండి. 90ల్లో మా బాబాయికి క్యాసెట్ల షాపు ఉండేది, సెలవుల్లో కౌంటర్ దగ్గర నన్ను కూర్చోబెట్టేవాడు. భక్తి క్యాసెట్టంటే పసుపూ ఎరుపూ, మధ్యలో దేవుడు, కింద మూల గుండ్రంలో గాయకుడు, స్టాంపంత. సినిమాదైతే హీరో. రెండు సినిమాలు కలిపిన క్యాసెట్టయితే కవర్ సగానికి కోసి చెరో హీరో, ఎ సైడు ఒకడు బి సైడు ఇంకొకడు. చదువు రాని ముసలమ్మ కూడా వచ్చి రంగు చూసి అరలో చెయ్యి పెట్టేది, ఒక్కసారి కూడా తప్పేది కాదు. పాడినదెవరో ఆవిడకి తెలీదు, అక్కర్లేదు కూడా. నేననేది ఏంటంటే జానర్, అంటే పాట రకం, ఇంటిపేరు లాంటిది, కవర్ ముందు ఇంటిపేరు చెప్పాలి, అసలు పేరు తర్వాత చెప్పుకోవచ్చు. సినిమాతో పని లేకుండా ఇళయరాజా గారు సొంతంగా చేసిన 'హౌ టు నేమ్ ఇట్' ఏ అరలో పెట్టాలో తెలీక మా బాబాయి కొన్నాళ్ళు భక్తిలో పెట్టాడు. ఒక్కటి కూడా అమ్ముడుపోలా.

బ్లూనోట్‌బుచ్చి:
టేపురికార్డర్ గారూ, మీ ఇంటిపేరు పాయింట్ బాగుంది, కాకపోతే ఆ ఇంటిపేరు పెట్టేది పాడేవాడు కాదు, కంపెనీ. జాజ్ అనగానే కళ్ళ ముందుకొచ్చే ఆ లుక్కు, ఒకే రంగు పూసిన నలుపు తెలుపు ఫొటో, పక్కన లావు అక్షరాలు... అదంతా చాలావరకు బ్లూ నోట్ అనే రికార్డుల కంపెనీ పుణ్యమే. ఫొటోలు ఫ్రాన్సిస్ వూల్ఫ్, నాజీల జర్మనీ వదిలి 1939లో పారిపోయి వచ్చినాయన, రికార్డింగ్ జరుగుతుండగా అక్కడే నిలబడి తీసేవాడు. డిజైన్ రీడ్ మైల్స్, ఓ పదేళ్ళలో కొన్ని వందల కవర్లు చేశాడు. ఇక్కడ తమాషా ఏంటంటే ఈ మైల్స్‌కి జాజ్ పెద్దగా ఎక్కేది కాదు, ఆయనకి క్లాసికల్ ఇష్టం. ఈ ఆల్బమ్ మూడ్ ఇలా ఉంటుందయ్యా అని కంపెనీ ఓనర్ ఆల్ఫ్రెడ్ లయన్ నోటితో చెబితే ఆ మాట పట్టుకుని చేసేవాడట. పాట మీద ప్రేమ లేనివాడు గీసిన బొమ్మే ఆ పాటకి ముఖం అయిపోయింది. కాబట్టి కవర్ అంటే కళాకారుడి ఆత్మ, గుండెకాయ అనే కబుర్లు నాకు చెప్పకండి. నా దగ్గర వినైల్ రెండు అరల నిండా ఉంది, సగం కవర్ చూసే కొన్నా, అందులో పావు వంతు ఒక్కసారే విన్నా, అది వేరే సంగతి.

సైడ్‌బి:
బుచ్చి గారూ, ఒకటి వదిలేశారు. ఆ బ్లూ నోట్ కవర్ల మీద ఉన్నదెవరు? ఎక్కువ భాగం నల్లజాతి వాళ్ళు. చెమట పట్టి, సిగరెట్ పొగలో, పనిలో మునిగి ఉన్న ముఖాలు. అది ఎంత పెద్ద విషయమో తెలియాలంటే అదే కాలంలో ఇంకో కంపెనీలో ఏం జరిగిందో చూడండి. 1957లో జాజ్ ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్ 'మైల్స్ అహెడ్'ని కొలంబియా వాళ్ళు రిలీజ్ చేస్తే కవర్ మీద తెరచాప పడవ, అందులో తెల్లమ్మాయి! వాయించింది ఆయన, ఆయన జాడ లేదు. ఆయనకి ఒళ్ళు మండి అడిగాడు, తర్వాత వేసిన వాటికి ఆయన ఫొటో పెట్టారు. 1961లో 'సమ్‌డే మై ప్రిన్స్ విల్ కమ్' వచ్చేసరికి కవర్ మీద ఆయన భార్య ఫ్రాన్సిస్ టేలర్. నల్లజాతి స్త్రీ ముఖం, నిండుగా. ముఖం ఎవడిక్కావాలి అన్నారే గోలగిటార్, దాని కోసం కొట్లాడాల్సి వచ్చిన వాళ్ళకి కావాలి. పేరూ ముఖమూ దాచుకోవడం స్టైల్ అవ్వాలంటే, ముందు వాటిని ఎవరూ మన నుంచి లాక్కుని ఉండకూడదు కదా.

గోలగిటార్:
అక్కా, అది 1957 సంగతి, నేను మాట్లాడేది డిజైన్ గురించి. ప్రతిదాంట్లో ఇది లాగితే ఎలా.

సైడ్‌బి:
లాగట్లేదు తమ్ముడూ, అక్కడే ఉంది. సరే డిజైనే మాట్లాడదాం. 1967లో రాక్ గిటారిస్ట్ జిమి హెండ్రిక్స్ 'యాక్సిస్: బోల్డ్ యాజ్ లవ్' కవర్ చూశావా? మనింట్లో క్యాలెండర్ మీద ఉండే విశ్వరూపం బొమ్మ ఉంటుందే, అన్ని తలలూ అన్ని చేతులతో, అదే తీసుకుని మధ్యలో బ్యాండ్ వాళ్ళ ముగ్గురి ముఖాలు పెట్టేశారు. డిజైన్‌గా అద్భుతం, రంగులు కళ్ళు చెదిరిపోతాయి. కానీ హెండ్రిక్స్‌కి నచ్చలేదు, ఈ బొమ్మకీ మా ముగ్గురికీ సంబంధమే లేదన్నాడు. ఆయన తనలో ఉందని చెప్పుకున్నది అమెరికా ఆదివాసీ రక్తం, కంపెనీ వాళ్ళు తెచ్చింది మన విష్ణుమూర్తిని. సైకెడెలిక్, అంటే మత్తు కలలాంటి రాక్, అని జానర్ మాత్రం కరెక్టుగా తెలిసింది, మనిషి తప్పిపోయాడు.

టేపురికార్డర్:
హహ, మా షాపులోకి వచ్చుంటే అది కూడా భక్తి అరలోకే పోయేది.

బ్లూనోట్‌బుచ్చి:
సైడ్‌బి గారు, మీ పడవ పాయింట్ ఒప్పుకుంటున్నా. అయినా ఒక మాట, ఇవన్నీ అడుగు చదరం అట్టముక్క ఉన్న రోజులు. ఇప్పుడు ఫోన్‌లో గోరంత బొమ్మ, అందులో ముఖమేంటి చరిత్రేంటి. 2024లో పాప్ సింగర్ చార్లీ ఎక్స్‌సీఎక్స్ 'బ్రాట్' చూడండి, పచ్చిగా కొట్టొచ్చే ఆకుపచ్చ, మధ్యలో మసకగా నాలుగు అక్షరాలు. జనం తిట్టారు, ఆ తర్వాత ఆ రంగే ఊరంతా పూసుకున్నారు. మీ ఫ్రెండ్ నల్ల కవరే కరెక్టేమో.

డబ్బాగీతలు:
బుచ్చన్నా, ఆమె ముఖం లోకానికి తెల్సు, మావాని ముఖం వాళ్ళ గల్లీకి తెల్సు. అయినా ఇంకో తిప్పలున్నది. కవర్ మూడు వేల పిక్సెల్స్‌ల చేస్తం, బానే కనపడ్తది. ఫోన్ లిస్టులకు వచ్చేసరికి ఇంగ్లిష్ అక్షరాలు ఎట్లనో నిలబడతయ్, తెలుగుల పేరు రాస్తే వత్తులు, గుడులు అన్ని కలిసి మసి. మావాని పేరుల రెండు వత్తులున్నయ్, పాపం.

సైడ్‌బి:
కవర్ మీద డప్పు పెట్టొచ్చు కదా?

డబ్బాగీతలు:
పెట్టి చూసిన అక్కా. మా చెల్లెకు చూపిస్తే "జానపదమా, సంక్రాంతికి రిలీజా" అన్నది. ఇంటిపేరు తప్పు వడ్డది.

డబ్బాగీతలు:
అప్‌డేట్. మీరు చెప్పిన పడవ ముచ్చట నిన్న రాత్రి వానికి చెప్పిన. ఏం అనలే, ఫోన్ పెట్టేసిండు. పొద్దుగాల ఒక ఫొటో పంపిండు, వాళ్ళ ఊర్ల వాళ్ళ చిన్నాయిన వాయించే ముందు గడ్డి మంట మీద డప్పు కాపుతుండు, తోలు బిగుసుకోవాలె కదా. తల వంచి ఉన్నడు, మొహం సగమే కనపడ్తది, చెయ్యి మొత్తం కనపడ్తది, ఏళ్ళ మీద మంట వెలుగు. నల్ల బ్యాక్‌గ్రౌండ్ వానికి ఎట్లనో దొరికింది. ఇది జానపదం అనుకుంటే అనుకోనీ, మొదటి పాట నొక్కంగనే తెలుస్తది అంటుండు. పేరు పెడ్దం అన్నడు గానీ మంట మీద తెల్లక్షరాలు నిలబడ్తలేవు. ధూర్జటి ఫాంట్ ఏసి చూసిన, చిన్న సైజుల వత్తులు మళ్ళ మసి. చేత్తోని రాపిద్దామంటే సినిమా టైటిల్ లెక్క ఉంటదని భయం. ఎవరికన్న లావుగ, వత్తులు విడివిడిగ కనపడే ఫాంట్ తెలిస్తే పెట్టండి, శుక్రవారం అప్‌లోడ్ చెయ్యాలె.