అప్‌డేట్: ఎయిర్ అంబులెన్స్ పైలట్ కావాలని అడిగిన నరసన్నపేట అబ్బాయిని

గుండెనొప్పితో ఉన్న నాన్నని రాత్రిపూట వంద కిలోమీటర్లు దాటి విశాఖకి తీసుకెళ్లాక, ఈ ఉద్యోగానికి దారేంటని ఆమధ్య ఇక్కడ అడిగాను. నాన్న ఇప్పుడు బాగున్నారు.

ముందు పైలట్ కావాలనుకునేవాళ్లకి చేసే వైద్య పరీక్ష, క్లాస్ 2 మెడికల్ చేయించుకోమని మీరన్నారుగా, పాసయ్యాను. రంగులు గుర్తుపట్టగలనో లేదో చూసే రంగు చుక్కల పుస్తకంలో అంకెలు చదువుతుంటే అరచేతులు తడిసిపోయాయి. ఇక ఇంకా కఠినమైన క్లాస్ 1 మెడికల్. ఆ తర్వాత కమర్షియల్ లైసెన్స్‌కి 200 గంటలు ఎగరాలి. ఖర్చు మాట ఎత్తితే అమ్మ ఇంకా మౌనమే.

మీలో ఒకరి ద్వారా రోగుల్ని చేరవేసే పైలట్‌తో మాట్లాడాను. రోగి పరిస్థితి ఆయనకి ముందు చెప్పరట. వాతావరణం చూసి వెళ్లొచ్చా లేదా అని తేల్చాకే తెలిసేది. చంటిపిల్ల అని ముందే తెలిస్తే ఎవరి మనసైనా మబ్బులోకైనా పొమ్మంటుంది కదా! ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిన రోగి ఉంటే తక్కువ ఎత్తులోనే ఎగురుతారట. పైకెళ్లేకొద్దీ ఒత్తిడి తగ్గి ఆ గాలి ఉబ్బుతుంది. ఇంటర్ ఫిజిక్స్‌లో బట్టీపట్టిన బాయిల్ నియమం ఇదేనని అప్పుడు తట్టింది.

నిన్నటినుంచి మెటియరాలజీ (వాతావరణ శాస్త్రం) పుస్తకం మొదలెట్టాను. మన తీరానికొచ్చే తుపాన్ల దగ్గరే ఆగిపోయి, రెండుసార్లు చదివాను.