నెస్టెడ్ స్టాక్‌కి సబ్‌నెట్ల లిస్టు పంపితే ఎర్రర్ (ఏడబ్ల్యూఎస్ క్లౌడ్‌ఫార్మేషన్, హైదరాబాద్ రీజియన్)

గచ్చిబౌలి_గడియారం:
సర్వర్లు, నెట్‌వర్క్ అన్నీ టెంప్లేట్ ఫైలులో రాసిస్తే అమెజాన్ క్లౌడ్‌లో కట్టిపెట్టే క్లౌడ్‌ఫార్మేషన్ వాడుతున్నాను. ముంబైలో నడుస్తున్న యాప్‌ని హైదరాబాద్ రీజియన్ ఏపీ-సౌత్-2లో కూడా పెట్టాలి. అదే టెంప్లేట్ రెండుసార్లు రాయకుండా వెబ్ భాగాన్ని విడదీసి నెస్టెడ్ స్టాక్ (ప్రధాన టెంప్లేట్, అంటే పేరెంట్, పిలుచుకునే చైల్డ్ టెంప్లేట్) చేశాను. పేరెంట్‌లో సబ్‌నెట్లు (నెట్‌వర్క్‌లోని చిన్న భాగాలు) మూడు, టైపు లిస్ట్<ఏడబ్ల్యూఎస్::ఈసీ2::సబ్‌నెట్::ఐడీ>. చైల్డ్‌లోనూ అదే టైపు, అదే పేరు. అయినా !రెఫ్‌తో (పారామీటర్ విలువను తెచ్చేది) పంపితే "పారామీటర్స్ మస్ట్ బీ యాన్ ఆబ్జెక్ట్ విత్ స్ట్రింగ్..." అంటోంది. ఎక్కడ తేడా కొట్టింది? ఇంకోటి, ముంబై ఏఎంఐ (సర్వర్ మొదలయ్యే డిస్క్ ఇమేజ్) ఐడీ ఇక్కడ దొరకట్లేదు. రీజియన్‌కో పారామీటర్ ఫైలు పెట్టుకోవాల్సిందేనా?

మల్లేపల్లి_యామల్:
టైపు చూసేది చైల్డ్ లోపలికి వెళ్లాక. గడప దగ్గర మాత్రం ప్రతి పారామీటరూ స్ట్రింగ్‌గానే దాటాలి. మీ !రెఫ్ ఇస్తున్నది లిస్టు కాబట్టి కామాలతో కలిపి పంపండి:

పారామీటర్స్:
  సబ్‌నెట్స్: !జాయిన్ [",", !రెఫ్ సబ్‌నెట్స్]

చైల్డ్‌లో ఏమీ మార్చొద్దు, కామాల దగ్గర విడగొట్టుకుని అదే మళ్లీ లిస్టు చేసుకుంటుంది. అవుట్‌పుట్స్‌కీ ఇదే రూలు: చైల్డ్‌లో !జాయిన్, పేరెంట్‌లో !గెట్‌ఆట్‌తో తీసుకుని !స్ప్లిట్.

ఫైళ్లు పెంచడం దేనికండీ? ఏఎంఐ ఐడీ ఏ రీజియన్‌ది ఆ రీజియన్‌దే. పేరెంట్‌లో ఆ పారామీటర్ టైపు ఏడబ్ల్యూఎస్::ఎస్ఎస్ఎమ్::పారామీటర్::వాల్యూ<ఏడబ్ల్యూఎస్::ఈసీ2::ఇమేజ్::ఐడీ> అని పెట్టి, ఎస్ఎస్ఎమ్ పారామీటర్ స్టోర్‌లో (పేరుతో విలువలు దాచే ఏడబ్ల్యూఎస్ సర్వీసు) ఉండే అమెజాన్ లైనక్స్ పబ్లిక్ పారామీటర్ పేరు డిఫాల్ట్‌గా ఇవ్వండి. పేరు ఒకటే, ఐడీ రీజియన్‌ని బట్టి వస్తుంది.

ఎల్బీనగర్_లాగ్స్:
పై దాంట్లో రెండు గోతులున్నాయి. పేరెంట్ !రెఫ్ చేసేసరికి చేతికొచ్చేది అసలు ఏఎంఐ ఐడీ. చైల్డ్‌లో కూడా ఎస్ఎస్ఎమ్ టైపే ఉంచితే ఆ ఐడీనే పేరనుకుని పారామీటర్ స్టోర్‌లో వెతికి ఫెయిలవుతుంది. చైల్డ్‌లో ఉత్త ఏడబ్ల్యూఎస్::ఈసీ2::ఇమేజ్::ఐడీ చాలు.

రెండోదే అసలు ప్రమాదం. ప్రతి స్టాక్ అప్‌డేట్‌కీ "లేటెస్ట్" విలువ మళ్లీ తెస్తుంది, యూజ్‌ప్రీవియస్‌వాల్యూ (పాత విలువే ఉంచమనే ఆప్షన్) ఇచ్చినా సరే, అది కాపాడేది పేరునే. మీరు ట్యాగ్ ఒకటి మార్చారనుకోండి, ఈలోపు కొత్త ఏఎంఐ వచ్చి ఉంటే ఇన్‌స్టెన్స్ (నడుస్తున్న సర్వర్) రీప్లేస్ అయిపోతుంది, దాని లోకల్ డేటా గోవిందా. ప్రొడక్షన్‌కి మీ సొంత ఎస్ఎస్ఎమ్ పారామీటర్ పెట్టుకుని, మీరు మార్చినప్పుడే మారేలా చూసుకోండి. అప్‌డేట్ ముందు చేంజ్ సెట్‌లో (ఏమేం మారతాయో ముందే చూపే జాబితా) "రీప్లేస్‌మెంట్: ట్రూ" ఉందేమో చూడండి, నెస్టెడ్ స్టాక్స్‌ని కూడా కలిపే ఆప్షన్‌తో.

గచ్చిబౌలి_గడియారం:
జాయిన్‌తో దారికొచ్చింది, థాంక్సండీ. బాస్టియన్ (బయటి నుంచి లోపలి సర్వర్లలోకి వెళ్లే గేటు సర్వర్) సెక్యూరిటీ గ్రూప్ (ఫైర్‌వాల్ రూల్స్) ముంబైలో ఉంది, ఇక్కడ అక్కర్లేదు. ఖాళీ స్ట్రింగ్ పంపితే వ్యాలిడేషన్‌లోనే పడిపోతోంది.

మల్లేపల్లి_యామల్:
ఏడబ్ల్యూఎస్ సొంత టైపులు ఖాళీని ఒప్పుకోవు, ఆ ఐడీ నిజంగా ఉందా అని అకౌంట్‌లో చూస్తాయి. ఆ ఒక్కదాన్నీ రెండుచోట్లా ఉత్త స్ట్రింగ్ చేసి డిఫాల్ట్ "" ఇవ్వండి. తర్వాత చైల్డ్‌లో:

హ్యాజ్‌బాస్టియన్: !నాట్ [!ఈక్వల్స్ [!రెఫ్ బాస్టియన్‌ఎస్‌జీ, ""]]

సెక్యూరిటీ గ్రూప్స్ లిస్టులో !ఇఫ్ [హ్యాజ్‌బాస్టియన్, !రెఫ్ బాస్టియన్‌ఎస్‌జీ, !రెఫ్ "ఏడబ్ల్యూఎస్::నోవాల్యూ"]. నోవాల్యూ అంటే ఆ ఎంట్రీ లేనట్టే; దాని బదులు "" రాస్తే ఈసారి ఎర్రర్ ఈసీ2 (ఏడబ్ల్యూఎస్ సర్వర్ల సర్వీసు) నుంచి వస్తుంది.