బ్రాడ్‌షీట్ అంటే సైజు ఒక్కటేనా?

అనువాదం_విశాఖ:
లండన్ పత్రికల మీద ఒక ఇంగ్లిష్ వ్యాసం తెలుగు చేస్తున్నానండీ. ఒక వాక్యం దగ్గర రెండు రోజులుగా ఆగిపోయాను. బ్రాడ్‌షీట్లు ఆ వార్తను లోపలి పేజీల్లో వేస్తే టాబ్లాయిడ్లు మొదటి పేజీ మొత్తం దానికే ఇచ్చాయట. నేను ‘పెద్ద సైజు పత్రికలు, చిన్న సైజు పత్రికలు’ అని రాశాను. అది చదివి నాన్నగారు, ‘లండన్ వార్త జిల్లా పేజీలో ఎందుకు వేస్తారమ్మా?’ అన్నారు. టాబ్లాయిడ్ అంటే ఆయనకు మెయిన్ పేపర్‌తో వచ్చే విశాఖ జిల్లా పేజీలే మరి. బ్రాడ్‌షీట్ అంటే కాగితం సైజేనా, ఇంకేమైనా అర్థం ఉందా?

పాత_సబ్ఎడిటర్:
రెండూ ఉన్నాయమ్మా. ముందు సైజు సంగతి చెబుతాను. ఇంట్లో మెయిన్ పేపర్ ఉంటుంది కదా, ఒక పేజీ నిలువు కొలిస్తే 50 సెంటీమీటర్లు దాటుతుంది, అదే బ్రాడ్‌షీట్. ఇప్పుడు జిల్లా పేపర్ తీసి మెయిన్ పేజీ మీద అడ్డంగా పెట్టి చూడండి, సరిగ్గా సగానికి వస్తుంది. మెయిన్ పేజీ అడ్డమే జిల్లా పేజీకి నిలువు. అదే రీలు, అదే మెషీను, మడత ఒకటి ఎక్కువ, అంతే. అందుకే ఒకే ప్రెస్సులో రెండూ వేయగలుగుతాం. నేను డెస్కులో ఉన్నన్నాళ్లూ బ్రాడ్‌షీట్ అన్న మాట పెద్దగా వినలేదు. ‘మెయిన్‌కి ఇచ్చావా, టాబ్‌కి ఇచ్చావా’ అనే అడిగేవాళ్లు. టాబ్‌లో వేశారంటే వార్త లోకల్ అని అర్థం, చవకబారుది అని కాదు. మీ నాన్నగారు అన్నదాంట్లో తప్పేమీ లేదు.

చరిత్ర_పిచ్చి:
రెండో అర్థం బ్రిటన్‌ది. మొదట్లో బ్రాడ్‌షీట్ అంటే ఒకవైపే అచ్చేసిన పెద్ద కాగితం, ప్రభుత్వ ప్రకటనలూ పాటలూ అలా అచ్చేసి అమ్మేవారు, గోడలకు అంటించేవారు. 1712లో అక్కడ పత్రికల మీద షీట్ల లెక్కన పన్ను వేశారు, పేజీలు పెద్దవి కావడానికి అదీ ఒక కారణం. టాబ్లాయిడ్ అయితే మందుల షాపు నుంచి వచ్చిన మాట! బరోస్ వెల్‌కమ్ అనే మందుల కంపెనీ 1884లో తన మాత్రలకు పెట్టుకున్న ట్రేడ్‌మార్కు అది. కుదించినది ఏదైనా టాబ్లాయిడ్ అనడం అలవాటై, చివరికి వార్తల్ని కుదించి ఇచ్చే చిన్న పేపర్లకు ఆ పేరు స్థిరపడింది. ఆ పేపర్లు సంచలన వార్తలతో అమ్ముడుపోవడంతో పేరుకు ఆ వాసన అంటుకుంది. అది ఎంత గట్టిగా అంటుకుందంటే, 2003లో ది ఇండిపెండెంట్, 2004లో ది టైమ్స్ చిన్న సైజుకు మారినప్పుడు తమను టాబ్లాయిడ్ అనుకోలేదు, కాంపాక్ట్ అని చెప్పుకున్నాయి. గార్డియన్ 2005లో మధ్యరకం బెర్లినర్ సైజుకు, 2018లో టాబ్లాయిడ్ సైజుకు వచ్చింది. కాగితం సగమైపోయినా వీటిని ఇప్పటికీ బ్రాడ్‌షీట్లనే అనేవాళ్లున్నారు. అంటే అక్కడ ఆ మాట కాగితాన్ని వదిలేసి పత్రిక స్వభావానికి వెళ్లిపోయింది.

మద్దిలపాలెం_ఏజెంటు:
మా లైన్లో అయితే మెయిన్, లోకల్, అంతే. తెల్లవారుజామున నాలుగింటికి ఫుట్‌పాత్ మీద కూర్చుని మెయిన్ మడత విప్పి మధ్యలోకి లోకల్ తోస్తాం. ఒక్క ఇంటికి లోకల్ పడకపోయినా ఏడింటికల్లా ఫోన్ వచ్చేస్తుంది. మెయిన్ తగ్గినా ఊరుకుంటారేమో గానీ, తమ వీధి వార్త ఉన్న పేపర్ రాకపోతే ఊరుకోరు. అలాంటి దాన్ని చిన్నచూపు చూసేలా మాత్రం రాయకండి మేడమ్.

పాత_సబ్ఎడిటర్:
ఆయన చెప్పింది నిజం. నా మాట వింటే, కొలత గురించి చెప్పేచోట బ్రాడ్‌షీట్, టాబ్లాయిడ్ అలాగే ఉంచండి. స్వభావం గురించి చెప్పేచోట ఆ స్వభావమే తెలుగులో రాసేయండి. సైజు మాట అక్కడ అడ్డం.

అనువాదం_విశాఖ:
అందరికీ చాలా థాంక్సండీ. ఆ వాక్యం ఇలా మార్చాను: ‘నిదానంగా రాసే పత్రికలు ఆ వార్తను లోపలి పేజీల్లో వేస్తే, సంచలన పత్రికలు మొదటి పేజీ మొత్తం దానికే ఇచ్చాయి.’ నాన్నగారికి చదివి వినిపించాను, ఈసారి జిల్లా పేజీ ప్రస్తావన రాలేదు.