తోడు గాదె? తోడుఁ గాదె?

వలపలగిలక: కలరా క్రిమి సోడియం పంపు (ఎన్‌క్యూఆర్: ఎలక్ట్రాన్ల నడకతో సోడియాన్ని కణం బయటికి పంపే పొర ఎంజైము) మీద నోటి మాటగా తిరిగే ఆటవెలది. రెండో పాదం ఇలా గుర్తు: "సోడియమ్ము నొకటి తోయు గాదె". మొదటి పాదం ఎవరికైనా వచ్చా?

ద్రుతప్రియ: "తోయు" అంటే యతి తప్పింది. సో–తో వళి (మొదటి అక్షరాల మైత్రి) కుదరదు, ప్రాసయతే (రెండో అక్షరాల పొత్తు) దిక్కు: సోడి–తోడు, అంటే "తోడు గాదె". డకారం ఉండి తీరాలి.

క్షారజలం: డకారం సరే, అర్థం? సోడియం ఎలక్ట్రానుకు తోడుగా నడుస్తుందనా? ప్రోటానైతే క్వినోనుకు (పొరలో ఎలక్ట్రాన్లు అందుకునే అణువు) అంటుకుని, హైడ్రోజన్‌గా ఎలక్ట్రానుతో కలిసి వెళ్ళగలదు. సోడియం అలా అంటదు. కనుక ఇది క్రియ: బావినీళ్ళలా కణంలోంచి బయటికి తోడటం. "ఒకటి" కూడా లెక్కే: ఎలక్ట్రానుకు ఒక సోడియం, రెండు ఎలక్ట్రాన్లు ఇచ్చే ఎన్‌ఏడీహెచ్‌కు రెండు. అదే ప్రోటాన్లను తోడే కాంప్లెక్స్-1 ఎంజైములో రెండు ఎలక్ట్రాన్లకు నాలుగు ప్రోటాన్లు.

ద్రుతప్రియ: క్రియైతే అరసున్న రాయాలి, "తోడుఁ గాదె". నామమైతే గసడదవాదేశం ("కాదె" "గాదె" కావడం), అరసున్న లేదు. మీ వాదానికి బలం "నొకటి"లో ఉంది. ప్రథమైతే ఉత్వసంధి జరిగి "సోడియమ్మొకటి" అయ్యేది. ఆ నకారం ద్వితీయలోని ద్రుతం.

వలపలగిలక: సముచ్చయం కాకూడదా? "సోడియమూ ఒక తోడే" అని. వేమన పద్యాల్లా నోటిమీద నడిచినవాటిలో అరసున్న ఎవరికి వినపడింది? వేమన సంధులను ఎంత స్వేచ్ఛగా వదిలేశాడో చూడండి, ఆ చనువే ఆటవెలదికి ప్రాణం.

ద్రుతప్రియ: వేమన చనువు వేమనదే. ఇక్కడ కవి సంధి చేశాడు, విసంధి కాదు.

క్షారజలం: తోడేది తానేనా అంటే, తిరగబడిన (లోపలి వైపు బయటికి వచ్చిన) పొర బుడగల్లో సీసీసీపీ (ప్రోటాన్ల బలాన్ని చెదరగొట్టే మందు) వేసి చూడండి. ప్రోటాన్ల బలంతో బదులు రవాణాగా (ప్రోటానుకు మారుగా) సోడియం చేరుతుంటే ఆగిపోతుంది. ఎన్‌క్యూఆర్ తానే తోడుతుంటే ఆగదు. నిరోధకంగా హెచ్‌క్యూఎన్‌ఓ బీడీ ఆక్సిడేజు అనే మరో శ్వాస ఎంజైమునూ ఆపుతుంది, కొరోర్మైసిన్ మేలు. పోలికకు సోడియం లేని గొట్టం కావాలంటే పొటాషియం బఫర్, ప్లాస్టిక్ పాత్రలు వాడాలి. గాజు నుంచీ లవణాల నుంచీ సోడియం దిగుతుంది. ఈ పంపును ఇ.కోలైలో చేయించుకునేవాళ్ళు ఏపీబీఈ (ఫ్లావిను అతికించే ఎంజైము) జన్యువునూ జతచేయాలి. లేకుంటే బి, సి ఉపభాగాల త్రియోనిన్లకు ఎఫ్‌ఎంఎన్ అనే ఫ్లావిను అతకదు, పంపు పనిచేయదు.

వలపలగిలక: మొదటి పాదం చివర "రైబోఫ్లావిను" ఉందనిపిస్తోంది. రైబోఫ్లావిన్ ఉన్న రూపంలోనే ఎలక్ట్రాన్లు మోసేది ఈ ఎంజైములోనే గదా మొదట కనిపించింది.

ద్రుతప్రియ: వరుసగా మూడు గురువులు, ఆపై రెండు లఘువులు. రగణం మీద తగణం వేసినా చివరి "ను" రెండో పాదానికి జారుతుంది, అది "సో"తో మొదలైంది. ఒట్టి "ఫ్లావిను" అయితే భగణం, ఇముడుతుంది.

క్షారజలం: ఏ ఫ్లావిను? ఎఫ్‌ఏడీ ఒకటి, ఎఫ్‌ఎంఎన్ రెండు, రైబోఫ్లావిన్ ఒకటి.