ఓటు ఊళ్ళోనే ఉంచుకోనా, హైదరాబాద్‌కి మార్చుకోనా?

దర్శి_పిల్లోడు:
మాది ఆంధ్రాలో దర్శి పక్కన పల్లెటూరు. తొమ్మిదేళ్ళుగా కూకట్‌పల్లిలో అద్దెకుంటున్నా, ఓటు మాత్రం ఊళ్ళోనే ఉంది. 2024 మే 13 పోలింగుకి ముందు రోజు రాత్రి బస్సులో సీటు దొరక్క, డ్రైవర్ పక్కన మెట్టు మీద కూర్చుని వెళ్ళా. పొద్దున లైను చూసి ఇంటికొచ్చేసి, సాయంత్రం నాలుగింటికి నిలబడితే ఎనిమిదింటికి వేలికి సిరా పడింది. ఆ ఎన్నికల్లో దర్శిలో పోలింగు 90 శాతం దాటింది, రాష్ట్రంలోనే ఎక్కువ. చాలా గర్వపడ్డా.

కానీ 2023 నవంబర్ 30న తెలంగాణ అసెంబ్లీ పోలింగు. మా గల్లీ చివర బళ్ళోనే బూత్. పాలకని వెళ్తూ చూస్తే బయట కుర్చీలో కానిస్టేబులు, లోపల ఇద్దరు ముగ్గురు. రాష్ట్రం మొత్తం 71 శాతం పోలైతే హైదరాబాద్ జిల్లాలో సగం కూడా పడలేదు. యాకుత్‌పురాలో 40 కూడా దాటలేదు. నా పిల్ల చదివేది ఇక్కడే, నాలా పొంగితే నీళ్ళొచ్చేది మా ఇంట్లోకే. ఇక్కడి ఎమ్మెల్యేని అడగడానికి మాత్రం నాకు ఓటు లేదు. మార్చుకుంటానంటే అమ్మ "ఊళ్ళో పేరు కొట్టేయించుకుంటావా" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంటోంది. ఏం చేయమంటారు?

పంతులుగారు:
నేను టీచర్ని బాబూ, నాలుగుసార్లు ప్రిసైడింగ్ ఆఫీసరుగా చేశాను. నువ్వు చెప్పిన మే 13న నేనూ డ్యూటీలోనే ఉన్నా. ఆరింటికి పోలింగు టైము అయిపోయింది, అప్పటికి లైన్లో ఉన్నవాళ్ళందరికీ చివరి మనిషి దగ్గర్నుంచి ముందుకు చీటీలు పంచుకుంటూ వచ్చాం. బెంగళూరు నుంచి బ్యాగుతోనే లైన్లో నిలబడ్డ కుర్రాడికి రాత్రి తొమ్మిది దాటాక ఓటు పడింది. అలాంటి వాళ్ళంటే నాకు గౌరవం.

అయినా చట్టం ప్రకారం మామూలుగా ఎక్కడ నివసిస్తే అక్కడే ఓటు. ఊళ్ళో సొంతిల్లు ఉన్నంత మాత్రాన అక్కడి ఓటరు కారు, 1950 నాటి చట్టంలోనే ఉంది.

పట్నం శాతాలకి బద్ధకం ఒక్కటే కారణం అనుకోవద్దు. ఊళ్ళో లేనివాళ్ళు, ఇల్లు మారినవాళ్ళు, చనిపోయినవాళ్ళ జాబితా ఒకటి మా చేతికిస్తారు. ఏఎస్‌డీ లిస్టు అంటాం. అద్దె ఇళ్ళు మారుతూ పేరు పాత చోటే వదిలేస్తే, రాని ఓటరు కూడా లెక్కలో ఉంటాడు. శాతం పడిపోక ఏమవుతుంది? బద్ధకమూ ఉంది, కాదనను.

నిజాంపేట_లక్ష్మి:
అన్నా, నేను తెనాలి నుంచి మార్చుకున్నా. ఫారం 8 నింపండి. ఫారం 6 కొత్తగా నమోదయ్యేవాళ్ళకి. దాన్ని నింపి ఎక్కడా పేరు లేదని రాస్తే తప్పుడు డిక్లరేషన్ అవుతుంది, ఏడాది వరకు జైలు పడొచ్చు. కరెంటు బిల్లు ఓనరు పేరు మీదుంది కాబట్టి నేను బ్యాంకు పాస్‌బుక్‌లో అడ్రస్ మార్పించి అదే పెట్టాను. ఎపిక్ నంబరు, అంటే ఓటరు కార్డు నంబరు, మారలేదు. నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగొద్దు.

దర్శి_పిల్లోడు:
పంతులుగారూ, లక్ష్మి గారూ, థ్యాంక్స్. రాత్రే ఫారం 8 పంపించా. అమ్మకి ఫోన్లో చెప్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే ఓట్లప్పుడు రావా" అంది. నిన్ను బూత్‌కి తీసుకెళ్ళడానికి వస్తానే అన్నా. లక్ష్మి గారూ, వివరాలు చూడడానికి మీ ఇంటికి బీఎల్వో (బూత్ లెవల్ ఆఫీసరు) ఎన్నాళ్ళకి వచ్చారు? పగలు మా ఇంటికి తాళం ఉంటుంది.