బాటనీ ప్రాక్టికల్ పరీక్షలో సెక్షన్ కటింగ్ ఉండాలా, తీసేయాలా?

మందారం (బీఎస్సీ ఫైనలియర్, అనంతపురం జిల్లా):

అందరికీ నమస్కారం. మా అనాటమీ (మొక్కల లోపలి నిర్మాణం) ప్రాక్టికల్ పరీక్ష మొన్ననే అయింది. అందులో సెక్షన్ కటింగ్ ఉంటుంది, అంటే కాండాన్నో ఆకునో బ్లేడుతో పల్చగా కోసి మైక్రోస్కోప్‌లో చూపించడం. అప్పటినుంచి ఒక విషయం మనసులో తొలుస్తోంది, మీ అభిప్రాయాలు చెప్పండి.

నాకు వచ్చిన మెటీరియల్ బోర్‌హావియా కాండం, అంటే మన అటికమామిడి. అందులో నాళికాపుంజాలు (నీరు, ఆహారం మోసే గొట్టాల కట్టలు) మామూలు ద్విదళబీజ కాండంలో లాగా ఒకే వలయంలో ఉండవు. మధ్యలో రెండు పెద్దవి, వాటి చుట్టూ 6 నుంచి 14, బయటి వలయంలో 15 నుంచి 20 చిన్నవి ఉంటాయి. ద్వితీయ వృద్ధి (కాండం లావెక్కడం) ఎక్కడ మొదలవుతుందో, దాన్ని అసాధారణం అని ఎందుకంటారో అంతా చదువుకుని వెళ్లాను. తీరా చూస్తే ఇచ్చిన కాండం వడలిపోయి మెత్తబడి ఉంది. బ్లేడు పెట్టగానే నలిగిపోయేది. ఎన్ని కోసినా ఒకవైపు మందంగా, ఇంకోవైపు చిరిగి వచ్చాయి. టైమ్ అయిపోతోందన్న టెన్షన్‌కి చేతులు వణికాయి. ఎక్స్‌టర్నల్ (బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్) సార్ మైక్రోస్కోప్‌లో ఒకసారి చూసి, ఒక్క ప్రశ్న కూడా అడక్కుండా పక్క టేబుల్‌కి వెళ్లిపోయారు. పక్కనున్న అమ్మాయికి మాత్రం మొదట్లోనే పల్చటి ముక్క వచ్చింది, కానీ వైవాలో (నోటి ప్రశ్నల్లో) అది ఏ కాండమో చెప్పలేకపోయింది. ఆ అమ్మాయి మీద నాకేమీ కోపం లేదు. ఈ పరీక్ష దేన్ని కొలుస్తోంది అన్నదే నా బాధ.

నేను కోరేది ఇది: పరీక్షలో సెక్షన్ కటింగ్ తీసేయాలి. అందరికీ ఒకేలాంటి, ముందే తయారుచేసిన పర్మనెంట్ స్లైడ్ ఇచ్చి గుర్తించమనాలి, బొమ్మ గీయించాలి, కారణాలు రాయించాలి. జువాలజీలో జంతువుల డిసెక్షన్లు వద్దని యూజీసీ 2014లోనే చెప్పింది. అవి పోయినా జువాలజీ చదువు నడుస్తూనే ఉంది కదా.

గన్నేరు (డిగ్రీ కాలేజీ లెక్చరర్, వరంగల్):

మందారం, నీకు అన్యాయమే జరిగిందమ్మా. వడలిన మెటీరియల్ ఇచ్చి పల్చటి సెక్షన్ రాలేదనడం తప్పు. అంతవరకు నేను నీ వైపే. తీసేయాలి అన్న మాటకు మాత్రం ఒప్పుకోను.

డిసెక్షన్‌తో పోలిక ముందు పక్కన పెడదాం. వాటిని ఆపింది జంతువుల హింస గురించి, అడవుల నుంచి కప్పల్ని పట్టుకొచ్చే పద్ధతి గురించి. దారి పక్కన మొలిచిన అటికమామిడికి, పెరట్లో గన్నేరు ఆకుకి ఆ కారణం వర్తించదు.

ఇక పర్మనెంట్ స్లైడ్ సంగతి. ఎవరో మైక్రోటోమ్ (పల్చగా కోసే యంత్రం) మీద కోసి, సాఫ్రానిన్, ఫాస్ట్ గ్రీన్ రంగులు వేసి, వందల్లో బాగున్నదాన్ని ఏరి పంపిన ముక్క అది. అందులో దారువు (నీటిని మోసే భాగం) ఎర్రగా, మిగతాది పచ్చగా చక్కగా కనిపిస్తుంది. పిల్లలు ఆ రంగుల్నే గుర్తుపెట్టుకుంటారు. ఏళ్లు గడిచి రంగు వెలిసిన స్లైడ్ పెడితే మంచి మార్కులొచ్చే పిల్లలు కూడా తికమకపడటం నేను ప్రతి బ్యాచ్‌లో చూస్తున్నాను. అదే పిల్లలు సొంతంగా గన్నేరు ఆకు కోసి, అడుగువైపు గుంటల్లో దాక్కున్న పత్రరంధ్రాల్ని, ఆ గుంటల్లోంచి పొడుచుకొచ్చిన వెంట్రుకల్ని చూస్తే, నీరు ఆవిరి కాకుండా ఆ మొక్క ఏం చేస్తోందో నేను చెప్పనక్కర్లేదు. కొంచెం ఏటవాలుగా కోసినప్పుడు గుండ్రటి నాళం కోలగా ఎందుకు కనిపిస్తుందో కూడా అప్పుడే తెలుస్తుంది. కాండం అనేది కాగితం మీద గీసిన వలయం కాదు, నిలువునా సాగే గొట్టాల కట్ట అని అక్కడే మనసుకెక్కుతుంది.

ఇంకో సంగతి, దీన్ని మా స్టాఫ్ రూమ్‌లో కూడా గట్టిగా చెబుతుంటాను. సెక్షన్ గుండ్రంగా, పూర్తిగా రావాలని ఎక్కడా లేదు. బాహ్యచర్మం నుంచి దవ్వ (కాండం మధ్యలోని మెత్తటి భాగం) వరకు ఒక పల్చటి చీలిక వచ్చినా చాలు, అందులో అన్ని పొరలూ ఉంటాయి. పూర్తి వలయం కోసం పట్టుబట్టే ఎగ్జామినర్లే పిల్లల్లో ఈ భయం పెంచారు.

అసలు భయం ఇంకొకటి ఉంది. పరీక్షలో లేనిది మన కాలేజీల్లో క్లాసులోనూ ఉండదు. ఈ రోజు పరీక్షలోంచి తీసేస్తే, రెండేళ్లలో ల్యాబ్ బల్లల మీద బ్లేడు, బ్రష్షు, వాచ్‌గ్లాసు ఏవీ కనిపించవు.

తుమ్మజిగురు (బీఎస్సీ సెకండియర్, పల్నాడు):

మేడమ్, మా దగ్గర అది ఇప్పటికే జరిగిపోయింది. పరీక్షలో ఉన్నా క్లాసులో లేదు. మాది ప్రైవేటు కాలేజీ, పేరు రాయను. పనిచేసే మైక్రోస్కోపులు రెండే, వాటి చుట్టూ బ్యాచ్ అంతా నిలబడాలి. సెమిస్టర్ చివర్లో రికార్డులు చేతికిచ్చి సీనియర్ల దాంట్లోంచి బొమ్మలు ఎక్కించుకోమంటారు. బ్లేడు ఎలా పట్టుకోవాలో నాకు ఎవరూ చూపించలేదు. ఎక్స్‌టర్నల్ వచ్చిన రోజు మాత్రం మొక్కజొన్న ఆకు చేతిలో పెట్టి కోయమన్నారు. అంత పల్చటి ఆకుని నిలబెట్టి ఎలా కోస్తారో నాకు ఇప్పటికీ తెలియదు.

ఈ ప్రశ్న నన్ను పరీక్షించడం లేదు. మా కాలేజీకి ల్యాబ్ ఉందో లేదో పరీక్షిస్తోంది, మార్కులు మాత్రం నాకు తగ్గుతున్నాయి. గవర్నమెంటు కాలేజీలో మీలాంటి మేడమ్ దగ్గర చదివే పిల్లలకీ నాకూ ఒకటే కొలత పెడితే అది సమానం ఎలా అవుతుంది?

మిరపతోట (మొక్కల తెగుళ్ల ల్యాబ్‌లో ఉద్యోగం, గుంటూరు):

తమ్ముడూ, నీ మాట కరెక్టే. కానీ దానికి మందు ల్యాబ్ పెట్టించడం, ప్రశ్న తీసేయడం కాదు. ఈ పని బయట ఎక్కడ పనికొస్తుందో కొంచెం చెబుతాను, ఎందుకంటే "ఇది ఏ ఉద్యోగానికి?" అని నా క్లాస్‌మేట్లు కూడా అప్పట్లో అడిగేవారు.

టమాటా, వంగ, మిరప మొక్కలు పచ్చగా ఉండగానే ఉన్నట్టుండి వాలిపోతుంటాయి. రైతు మొక్కను పీక్కొని వస్తాడు. అది బ్యాక్టీరియా ఎండు తెగులా, ఫంగస్ వల్ల వచ్చిందా అన్నది ముందు తేల్చాలి. కాండాన్ని మొదలు దగ్గర అడ్డంగా కోసి, గాజు గ్లాసులో మంచినీళ్లు పోసి, కోసిన చివర నీళ్లకు తగిలేలా వేలాడదీస్తాం. బ్యాక్టీరియా అయితే కొద్ది నిమిషాల్లోనే కోసిన చోటు నుంచి పాలలాంటి తెల్లటి దారం నీళ్లలోకి దిగుతుంది. ఫ్యుజేరియం లాంటి ఫంగస్ అయితే అలా రాదు, దారువు గోధుమ రంగుకి మారి ఉంటుంది. కంది ఎండు తెగులులో కాండాన్ని నిలువుగా చీలిస్తే బెరడు కింద నల్లటి చారలు కనిపిస్తాయి. అప్పుడు చేత్తోనే పల్చగా ఒక సెక్షన్ కోసి మైక్రోస్కోప్ కింద పెడితే నాళాల్లో ఫంగస్ తీగలు కనబడే అవకాశం ఉంటుంది. మా ల్యాబ్‌లో దీనికి మైక్రోటోమ్ ఎవరూ వాడరు. రైతు బయట బెంచీ మీద కూర్చుని ఉంటాడు, మైనంలో పోసి రోజుల తరబడి తయారుచేసే తీరిక ఎక్కడిది? షేవింగ్ బ్లేడే మా పనిముట్టు.

తేడా తెలియకపోతే ఏమవుతుందో కూడా చూడండి. బ్యాక్టీరియా తెగులుకి ఫంగస్ మందు కొట్టిస్తే డబ్బు పోతుంది, తోటా పోతుంది. ఊళ్లో మందుల షాపులో అడిగి కొట్టే రైతులకి జరుగుతున్నది ఇదే. బాటనీ చదివిన పిల్ల ఊరికి ఒక్కరున్నా, ఒక గ్లాసు నీళ్లతో ఆ నష్టం ఆపగలదు. పర్మనెంట్ స్లైడు గుర్తుపట్టడం ఒక్కటే నేర్చుకున్న పిల్లకి ఆ మొక్క ఇస్తే ఎక్కడ కోయాలో తెలియదు.

తంగేడుపూలు (బీఎస్సీ ఫైనలియర్, నల్గొండ):

ఇంతవరకు ఎవరూ అనని మాట ఒకటి నేను చెప్పాలి. నాకు చిన్నప్పటి నుంచి కుడిచేయి వణుకుతుంది. మొక్కలంటే నాకు ప్రాణం. ఫీల్డ్‌ ట్రిప్‌లో పువ్వు చూసి కుటుంబం చెప్పడంలో మా బ్యాచ్‌లో నాకు పేరుంది. బ్లేడు మాత్రం నా చేతిలో నిలవదు. పరీక్షలో పక్కన ఎవరైనా కోసిస్తే నేను స్టెయిన్ (రంగు) వేసి, స్లైడు మీద మౌంట్ చేసి, వివరిస్తానని అడిగాను. రూల్ లేదన్నారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం మాలాంటి వాళ్లకి తగ్గట్టు పాఠ్యాంశాల్లో, పరీక్షా విధానంలో మార్పులు చేయాలి. థియరీ పరీక్షకి స్క్రైబ్‌ని ఇస్తారు, ల్యాబ్ తలుపు దగ్గర మాత్రం ఆ చట్టం ఆగిపోతోంది. "చేతి నైపుణ్యం ముఖ్యం" అని ఇక్కడ రాస్తున్న వాళ్లందరూ ఆ నైపుణ్యం దేనికోసమో కూడా ఆలోచించాలి. లోపల ఏముందో చూడటం కోసం అయితే, నా కళ్లు బాగానే పనిచేస్తున్నాయి.

గడ్డిచామంతి (ఎమ్మెస్సీ, విశాఖపట్నం):

కరోనా టైంలో మా ల్యాబులన్నీ కంప్యూటర్ తెర మీదే జరిగాయి. డిజిటల్ స్లైడ్లలో జూమ్ చేసి చూడటం బాగుండేది, మళ్లీ మళ్లీ చూసుకోవచ్చు, పోటీ పరీక్షలకి కూడా పనికొచ్చింది. తంగేడుపూలు లాంటి వాళ్లకి, తుమ్మజిగురు లాంటి కాలేజీలకి అది పెద్ద ఆసరా, దాన్ని తీసిపారేయకండి. ఎమ్మెస్సీకి వచ్చాక మాత్రం నా బ్యాచ్ అంతా బ్లేడు పట్టుకోవడం మొదటి నుంచి నేర్చుకోవాల్సి వచ్చింది. రెండూ నిజమే.

గన్నేరు:

తంగేడుపూలూ, నువ్వు అడిగింది పూర్తిగా న్యాయం. కోసిపెట్టే సహాయకుణ్ణి ఇవ్వడం పరీక్షను బలహీనపరచదు. ఆసుపత్రిలో కూడా కణజాలం కోసే టెక్నీషియన్ ఒకరు, చూసి రోగం చెప్పే డాక్టర్ ఇంకొకరు. దీని గురించి మా యూనివర్సిటీకి రాతపూర్వకంగా అడుగుతాను, నువ్వూ మీ ప్రిన్సిపాల్‌కి చట్టం పేరు రాసి అర్జీ పెట్టు, నోటి మాటగా అడగొద్దు.

తుమ్మజిగురు, మొక్కజొన్న ఆకు సంగతి. క్యారెట్ ముక్క లేదా బంగాళాదుంప ముక్క తీసుకుని నిలువుగా సగం దాకా చీల్చు. ఆ చీలికలో చిన్న ఆకు ముక్కను ఇరికించి, రెండిటినీ కలిపి కోయి. బ్లేడునీ ముక్కనీ నీళ్లతో తడుపుతూ ఉండాలి. బ్లేడును కిందికి నొక్కొద్దు, నీ వైపు ఒక్క ఊపులో లాగు. ఒకటి కోసి ఆగకు. ఇరవయ్యో ముప్పయ్యో వరసగా కోసి అన్నిటినీ బ్రష్షుతో నీళ్లలోకి దించు, వాటిలో కంటికి దాదాపు కనిపించనంత పల్చగా ఉన్నదాన్ని ఏరుకో. కవర్‌స్లిప్‌ని సూదితో ఒకవైపు నుంచి మెల్లగా దించితే గాలి బుడగలు రావు. ఆకు సరిగ్గా పడితే నాళికాపుంజాల చుట్టూ పెద్ద కణాల తొడుగు, అంటే క్రాంజ్ అనాటమీ, నీకే కనిపిస్తుంది. గన్నేరుతో పని చేసినప్పుడు మాత్రం చేతులు సబ్బుతో కడుక్కోవాలి, ఆ మొక్క విషం.

మందారం, పరీక్ష విషయంలో నేనిలా అనుకుంటున్నాను. ఒక్క రోజు, ఒక్క మెటీరియల్, ఒక్క సెక్షన్ మీద మార్కులు వేయడం ఆపాలి. సెమిస్టర్ అంతా పిల్లలు కోసినవాటిని ఐపీస్ దగ్గర ఫోన్ పెట్టి ఫొటో తీసి, తేదీతో రికార్డులో అంటించాలి. పరీక్ష రోజు ఎక్స్‌టర్నల్ ఆ ఫొటోల్లో ఏదో ఒకటి తెరిచి, "ఇది ఇక్కడెందుకు చిరిగింది, ఈ కణాలు ఏమిటి" అని అడగాలి. సొంతంగా కోసిన పిల్లలు చెప్పగలరు, వేరేవాళ్ల ఫొటో అంటించిన వాళ్లు చెప్పలేరు.

మందారం:

మేడమ్, ఫొటోల పద్ధతి నాకు నచ్చింది. చిరిగిన సెక్షన్ గురించి అడిగితే నేను ఎంతైనా చెప్పగలిగేదాన్ని, ఆ రోజు అడగనే లేదు. మిరపతోట గారు రాసిన గ్లాసు నీళ్ల పరీక్ష మా ఊళ్లో టమాటా రైతులకి చూపిస్తాను, మా నాన్నకి ముందుగా.

కానీ ఒక అభ్యంతరం మిగిలే ఉంది. సెమిస్టర్ అంతటి పని మీద మార్కులంటే అవి మా కాలేజీ చేతుల్లోకి వెళ్తాయి. ఎదురు ప్రశ్న వేసే పిల్లలకి ఇంటర్నల్ మార్కులు ఎలా వస్తాయో చాలామందికి తెలుసు. ఎక్స్‌టర్నల్ తెలియని మనిషి కాబట్టి ఆ ఒక్క విషయంలో మాకు కొంత రక్షణ ఉంది. అందుకే నేనడిగేది ఇది: ఫొటోల మీద మార్కులు ఎక్స్‌టర్నలే వేయాలి. కోతకు ఇచ్చే మొక్కను పరీక్ష రోజు పొద్దున్నే తాజాగా తేవాలి, అందరికీ ఒకే మొక్క ఇవ్వాలి. పనిచేసే మైక్రోస్కోపులు లేని కాలేజీలో ఆ ప్రశ్నకి బదులు స్లైడు ఇవ్వాలి, ఆ సంగతి యూనివర్సిటీ రికార్డులో రాయాలి, అప్పుడైనా ల్యాబ్ లేని కాలేజీ ఏదో బయటపడుతుంది. ఇవి జరిగేదాకా పరీక్షలో సెక్షన్ కటింగ్ వద్దనే అంటాను. ల్యాబ్‌లో మాత్రం ప్రతి వారం కోయించండి, ఎన్ని గంటలైనా నేను ఉంటాను.