విక్టర్ షైన్‌మన్ గారి గురించి సెమినార్‌లో ఏం చెప్పమంటారు?

మెక్_ఫైనలియర్:
అందరికీ నమస్తే. మాది విజయనగరం, మెకానికల్ ఫైనలియర్. సెప్టెంబర్ 20 షైన్‌మన్ గారి వర్ధంతి, 2016లో పోయారు. ఆ వారం ఆయన మీద మాట్లాడతానని హెచ్ఓడీ గారిని అడిగితే పది నిమిషాలు ఇచ్చారు. రోబోటిక్స్ పేపర్లో స్టాన్‌ఫర్డ్ ఆర్మ్ అనే రోబో చేతికి డీహెచ్ టేబుల్ (ఒక్కో జాయింట్ కొలతలు వరసగా రాసే పట్టిక) రాయనివాడు మాలో లేడు, కానీ అది చేసినాయన పేరడిగితే క్లాసులో ఒక్కరూ చెప్పలేదు, నాకది చాలా బాధనిపించింది. 1969లో చేశారు, తర్వాత వచ్చిన ప్యూమా అనే ఫ్యాక్టరీ రోబో చెయ్యి కూడా ఆయన డిజైనే, ఇంతవరకు రాసుకున్నాను. తేదీలు, డిగ్రీలు ఏకరువు పెడితే ఎవరూ వినరు. ఆయన గుర్తుండిపోవాలంటే ఏం చెప్పాలి?

రాజాం_మాస్టారు:
మంచి పని తలపెట్టావు బాబూ. మీరు పరీక్షలో చేసే ఆ లెక్క దగ్గరే మొదలెట్టు. బోర్డు మీద ఆర్మ్ గియ్యి, ఆరు జాయింట్లు, అయిదు తిరిగేవి, మూడోది మాత్రం ముందుకీ వెనక్కీ జరిగేది. చివరి మూడు యాక్సిస్‌లూ మణికట్టు దగ్గర ఒకే పాయింట్‌లో కలుస్తాయి కదా, అక్కడ చాక్‌పీస్‌తో చుక్క పెట్టి ఆగు. ఆ చుక్క ఉండబట్టే పొజిషన్ విడిగా, ఓరియంటేషన్ (ఎటు తిరిగి ఉందో) విడిగా తేల్చుకుంటాం, ఇన్వర్స్ కైనమాటిక్స్, అంటే చెయ్యి ఫలానా చోటికి చేరాలంటే ఏ జాయింట్ ఎంత కదలాలో తేల్చే లెక్క, ఫార్ములాలతో నేరుగా వచ్చేస్తుంది. లేకపోతే అంచనా వెయ్యడం, సరిచూడ్డం, మళ్ళీ వెయ్యడం, అప్పటి కంప్యూటర్లకి అంత స్పీడెక్కడిది? మూడు యాక్సిస్‌లు కలిస్తే లెక్క తేలుతుందని పైపర్ అనే ఆయన 1968 థీసిస్‌లోనే చూపించాడు, ఆ పేరు కూడా చెప్పు, న్యాయం. కంప్యూటర్ గబగబా లెక్కేసుకోడానికి వీలుగా చేతి ఆకారాన్నే మలిచింది మాత్రం షైన్‌మన్ గారు. అప్పటికాయన స్టాన్‌ఫర్డ్‌లో మెకానికల్ స్టూడెంటే! 1961లో జనరల్ మోటార్స్‌లో పెట్టిన యూనిమేట్ రోబో హైడ్రాలిక్‌ది, అంటే నూనె ఒత్తిడితో నడిచేది, ఇది పూర్తిగా కరెంటు మోటార్లది, ఆ తేడా మర్చిపోకు.

పలాస_వెల్డ్‌షాప్:
మాది పలాస, ఇప్పుడు చెన్నై దగ్గర కార్ల ఫ్యాక్టరీలో రోబో మెయింటెనెన్స్. మాస్టారు చెప్పినదానికి ఇంకోటి కలుపు తమ్ముడూ, బ్రేకులు. ఆ ఆర్మ్‌లో ప్రతి జాయింట్‌కీ బ్రేక్ పెట్టారాయన. ఎందుకంటే ఉన్న కంప్యూటర్ ఒక్కటే, దాన్నే అందరూ పంచుకోవాలి, అది వేరే పని చూసుకుంటున్నంతసేపూ చెయ్యి జారకుండా ఎక్కడున్నది అక్కడే నిలబడాలి కదా. మా లైన్లో ఇప్పటికీ సర్వో (జాయింట్ మోటార్ల కరెంటు) ఆన్ చెయ్యగానే బ్రేకులు విడుతూ టక్కుమని సౌండ్ వస్తాది, కరెంటు పోతే అవే బిగుసుకుంటాయి, అంత బరువు చెయ్యీ కిందకి వాలిపోదు. రోజూ వినే సౌండే గానీ 1969లో ఒక స్టూడెంటు ఇవన్నీ ముందే ఆలోచించి పెట్టాడంటే ఒళ్ళు పులకరిస్తాది.

సిక్కోలు_అక్క:
ఫస్టియర్ పిల్లలు కూడా వస్తే ఇన్వర్స్ కైనమాటిక్స్ ఎక్కదమ్మా, నన్నడిగితే ప్యూమాతో మొదలెట్టు. ఆయన సొంతంగా వైకార్మ్ అని కంపెనీ పెట్టారు, 1977లో దాన్ని యూనిమేషన్ అనే రోబోల కంపెనీ కొనేసింది, జనరల్ మోటార్స్ అండతో 1978లో ప్యూమా బయటికొచ్చింది. ఫ్యాక్టరీలో చిన్నచిన్న పార్టులు బిగించడానికని చేసిన ఆ చెయ్యినే 1985లో మెదడు బయాప్సీలో (పరీక్షకి చిన్న ముక్క తియ్యడంలో) సూది సరిగ్గా దించడానికి వాడారు. నేను నర్సింగ్‌లో ఉన్నాను, మిగతాది మర్చిపోయినా ఇది మాత్రం మర్చిపోలేను.

మెక్_ఫైనలియర్:
మాస్టారూ, అన్నా, అక్కా, చాలా థాంక్స్. ఫస్టియర్ వాళ్ళూ వస్తున్నారు, కాబట్టి బయాప్సీ సంగతితో మొదలెట్టి తర్వాత బోర్డు మీదకి వెళ్తాను. పైపర్ పేరు కూడా చెప్తాను. మణికట్టు చుక్క బోర్డు మీద అర్థం కాకపోవచ్చని అట్టముక్కలు, సైకిల్ చువ్వలతో మూడు యాక్సిస్‌లు తిరిగే మోడల్ ఒకటి చేస్తున్నాను, పూర్తవగానే ఫొటో పెడతా, తప్పులుంటే చెప్పండి. అన్నా, ఆ బ్రేక్ గురించి మాత్రం ఇంకొంచెం రాయవా, అది స్ప్రింగ్‌తో బిగుస్తుందా?

పలాస_వెల్డ్‌షాప్:
మా రోబోల్లో అయితే అవును తమ్ముడూ, స్ప్రింగే బిగిస్తాది, కరెంటిస్తే కాయిల్ లాగి విడుస్తాది. డ్యూటీ దిగాక బొమ్మ గీసి పెడతాను.